నేనెవరో చెప్పండి మాస్టారూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, నువ్వు మెదడూ మాటా అంటూ ఏదో చదివావు కదా, ఒక అరగంట మాట్లాడు. కాకపోతే మాకు అర్థమయ్యేలా మాట్లాడు" అన్నారు. నేను 1984 టెన్త్ బ్యాచ్. మైసూరులో ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువుకుని, ముప్పయ్యేళ్ళ పైనుంచి హైదరాబాదులో స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకి మాట తిరిగి నేర్పడం నా పని.

నిజానికి ఈ చదువులో నా మొదటి పాఠం మైసూరులో కాదు, ఇక్కడే, ఎనిమిదో తరగతి గదిలో జరిగింది. మన తెలుగు మాస్టారు ఒకరోజు అందర్నీ గొంతు మీద వేలు పెట్టుకోమన్నారు. "క అనండి. ఇప్పుడు గ అనండి. గ దగ్గర వేలి కింద ఏదో అదిరిందా? అదిరితే సరళం, అదరకపోతే పరుషం" అన్నారు. సరళాలూ పరుషాలూ అప్పటిదాకా నాకు బట్టీ పట్టే జాబితాలు. ఆ రోజున అవి నా గొంతులో ఉన్నాయని తెలిసింది. "శ" అనమంటే "స" అన్నందుకు ఓ పీరియడంతా బెంచీ ఎక్కించింది కూడా ఆయనే, అది వేరే సంగతి.

ఆ మాస్టారు ఇవాళ ఇక్కడే, రెండో కుర్చీలో ఉన్నారు. నాలుగేళ్ళ క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పోయింది. ఇవాళ ఆయన కథే చెప్పబోతున్నాను. వెనకాల చెప్పుకునే కథ కాదిది. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఏమేం చెప్తానో అంతా చదివి వినిపించాను. రెండు చోట్ల తల అడ్డంగా ఊపారు. ఆ రెండూ తీసేశాను. మిగతాదానికి ఎడమచేత్తో కాగితం మీద "చెప్పు" అని రాసిచ్చారు.

కార్తీక మాసం, తెల్లవారుజామున అయిదు గంటలు. మాస్టారు చెంబుతో నీళ్ళు తెచ్చుకుంటుంటే కుడిచేతిలోంచి చెంబు జారిపోయింది. అమ్మగారు వచ్చి "ఏమైందండీ" అంటే జవాబు లేదు. మూతి ఓ పక్కకి లాగేసింది. నీరసం అనుకున్నారు, బీపీ పెరిగిందనుకున్నారు. పడుకోబెట్టి, తెల్లారాక ఆర్ఎంపీ గారిని పిలిచి, ఆయన చూసి, కారు దొరికి, టౌన్లో ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఏడు గంటలు గడిచిపోయాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తెలియదంతే. అందుకే ఈ ఒక్క ముక్కా ముందు చెప్పేస్తాను. మిగతా ప్రసంగం మర్చిపోయినా ఫర్వాలేదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పైకెత్తితే పడిపోతున్నా, మాట తడబడినా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మెదడులో రక్తనాళం గడ్డకట్టి మూసుకుపోయిన పక్షవాతమైతే ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కొంతమందికి పెద్ద ఆసుపత్రుల్లో గడ్డని తీగతో బయటికి లాగే చికిత్స ఉంది, దానికి గడువు ఇంకొంచెం ఎక్కువ. కానీ పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడిచే ఒక్కో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని ఒక లెక్క. తెల్లారేదాకా చూద్దాం అనుకునే జబ్బు కాదిది.

ఇక మాట సంగతి. మనవైపు "మాట పడిపోయింది" అంటాం. ఈ ఒక్క మాటలో రెండు వేరువేరు జబ్బులున్నాయి. మొదటిది, నాలుకా పెదవులూ చచ్చుబడి మాట ముద్దగా రావడం. అందులో మనిషికి ఏ మాట అనాలో తెలుసు, పలికే కండరాలే సహకరించవు. కాగితం ఇస్తే చక్కగా రాసి చూపిస్తాడు. రెండోది అఫేజియా. ఇందులో నాలుక బాగానే ఉండొచ్చు, మాటని వెతికి తెచ్చే, పేర్చే, అర్థం చేసుకునే యంత్రాంగమే దెబ్బతింటుంది. అందుకని మాటతోపాటు రాయడం, చదవడం, ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడం కూడా ఎంతో కొంత పోతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి ఇది వస్తుంది.

పోనిది ఒకటుంది, తెలివి. తన ఊరు, తన మనుషులు, పెన్షన్ ఎంత, ఎవరు బాకీ ఉన్నారు, ఎవరు మర్యాదగా మాట్లాడుతున్నారు, ఎవరు జాలిగా మాట్లాడుతున్నారు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

మాట మెదడులో ఎక్కడుందో మొదట గట్టిగా చూపించినవాడు పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఆయన దగ్గరికి వచ్చాడు. ముప్పయ్యేళ్ళ వయసులో మాట పోయింది, 21 ఏళ్ళుగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందుకే అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. కానీ చెప్పింది అర్థమయ్యేది, లెక్కలడిగితే ఎడమచేతి వేళ్ళతో చూపించేవాడు. కొద్ది రోజులకే అతను చనిపోతే బ్రోకా మెదడు తీసి చూశాడు. ఎడమవైపు, నుదుటి వెనక కింది భాగంలో దెబ్బ కనిపించింది. ఇప్పుడు దాన్ని బ్రోకా ప్రాంతం అంటున్నాం. మరో పదమూడేళ్ళకి, 1874లో, కార్ల్ వెర్నికే అనే 26 ఏళ్ళ జర్మన్ వైద్యుడు ఇంకో రకం చూపించాడు. ఈ రోగులు ధారాళంగా మాట్లాడతారు, కానీ ఆ మాటలకి పొంతన ఉండదు, మనం చెప్పేది వాళ్ళకి అందదు. దెబ్బ చెవి పైన, ఎడమవైపు మెదడు వెనకభాగంలో ఉంటుంది.

ఎడమవైపే ఎందుకంటే, కుడిచేతివాటం ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి, ఎడమచేతివాటం వాళ్ళలో కూడా నూటికి 70 మందికి భాషకి ప్రధాన స్థానం ఎడమ మెదడే. కుడి చేతినీ కాలినీ నడిపేది కూడా ఆ ఎడమ మెదడే కాబట్టి కుడిపక్క పడిపోయినవాళ్ళలోనే మాట పోవడం ఎక్కువగా చూస్తాం. మాస్టారికి జరిగింది అదే.

అయితే "ఇక్కడ మాట్లాడే గది, అక్కడ వినే గది" అన్న పాత పటం సరిపోదని తర్వాత తేలింది. లెబోర్న్ మెదడు ఇప్పటికీ భద్రంగా ఉంది. 2007లో నీనా డ్రాంకర్స్ బృందం దాన్ని ఎంఆర్ఐ తీసి చూస్తే, దెబ్బ బ్రోకా కంటికి కనిపించిన చోటుతో ఆగలేదు, చాలా లోతుకి, మెదడు భాగాలని కలిపే తీగల్లోకి పోయింది. ఇవాళ మేము రెండు దారుల గురించి చెప్పుకుంటాం. చెవిన పడ్డ శబ్దం ఒక దారిలో అర్థం వైపు పోతుంది, ఇంకో దారిలో నోటితో పలకడం వైపు పోతుంది. ఊళ్ళు బాగానే ఉన్నా మధ్య వంతెన కూలితే బస్సు రాదు కదా, అలాగే ప్రాంతాలు బాగున్నా వాటి మధ్య తీగ తెగితే మాట రాదు.

మామిడికాయ చూపించి "ఇదేమిటి" అని అడిగితే, మీరు అరక్షణంలో జవాబు చెప్తారు. ఆ అరక్షణంలో మెదడు చూసిన వస్తువుని గుర్తుపట్టాలి, దాని అర్థాన్ని లేపాలి, ఆ అర్థానికి అంటుకున్న మాటని వెతకాలి, ఆ మాటలోని ధ్వనుల్ని తేవాలి, వరసలో పెట్టాలి, చివరికి నాలుకకి ఆజ్ఞ ఇవ్వాలి. ఏ మెట్టు విరిగిందో తప్పుని బట్టి తెలుస్తుంది. మామిడికాయని "చింతకాయ" అన్నాడనుకోండి, అర్థం దాకా వచ్చి పక్కింటి తలుపు తట్టాడన్నమాట. "అదే... పుల్లగా... ఆవకాయ పెడతాం" అంటే అర్థం పూర్తిగా ఉంది, మాట దొరకలేదు. "మాడిమికాయ" అంటే మాట దొరికింది, ధ్వనుల వరస తప్పింది. వారణాసిని జనం వాణారసి అన్నారని వర్ణవ్యత్యయం పాఠంలో మాస్టారు చెప్పేవారు. భాషకి వందల ఏళ్ళలో జరిగేది నా రోగులకి ఒక్క నిమిషంలో నాలుగుసార్లు జరుగుతుంది.

మన తెలుగుకి ఇంకో చిక్కుంది. మనం క్రియ చివర్లో ఎవరు, ఎప్పుడు, ఒకరా పదిమందా అన్నీ అంటిస్తాం. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు, వెళ్ళాలి. బ్రోకా రకం అఫేజియాలో నామవాచకాలు కాస్త మిగిలి ఈ తోకలు తెగిపోతుంటాయి. "నేను... బజారు... వెళ్ళు... వెళ్ళాడు... కాదు" అని ఆగిపోతారు. తప్పన్న సంగతి వాళ్ళకి తెలుసు, అందుకే "కాదు" అంటారు.

మాస్టారికి మొదటి నెలంతా ఒకే ఒక్క మాట మిగిలింది, "అదే". కాఫీ కావాలన్నా అదే, కోపం వచ్చినా అదే, మనవణ్ణి పిలవాలన్నా అదే. టాన్‌కి టాన్ ఎలాగో ఈయనకి అదే అలాగ. డిశ్చార్జి కాగితాల్లో బీపీ మాత్రలున్నాయి, ఫిజియోథెరపీ ఉంది, మాట గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాస్టారి మంచం పక్కనే నిలబడి అమ్మగారితో "తెలివి ఉందా, మనుషుల్ని గుర్తుపడుతున్నారా" అని అడిగేవారు. బ్యాంకులో పెన్షన్ పని మీద వెళితే కౌంటర్లో ఉన్నాయన, మాస్టారి ఎదురుగానే, "ఈయనకి ఏం తెలుస్తుందమ్మా, వేలిముద్ర వేయించండి" అన్నాడట. 31 ఏళ్ళు ఎర్ర సిరాతో వేలమంది రాతలు దిద్దిన మనిషి బొటనవేలికి ఇంకు పూశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదని అమ్మగారు చెప్పారు.

ఒకరోజు మనవడు పాఠం చదువుకుంటూ శతక పద్యం దగ్గర తడబడ్డాడు. మంచం మీంచి మాస్టారు అందుకున్నారు. రాగం తీసి, యతి దగ్గర ఆపి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నాలుగు పాదాలూ పూర్తి చేశారు. ఇల్లంతా కదిలిపోయింది. మాట వచ్చేసిందని కొబ్బరికాయ కొట్టారు. ఆ వెంటనే మాస్టారికి దాహమేసింది. మంచినీళ్ళు అడగబోతే "అదే... అదే..." అనే వచ్చింది.

మర్నాటి నుంచి మాటలు మొదలయ్యాయి. "పద్యం చెప్పగలిగిన మనిషి నీళ్ళడగలేడా? అంతా మొండితనం, అందరూ చేస్తుంటే అలవాటు పడ్డాడు" అని చుట్టాలన్నారు. ఆ రాత్రి పదకొండింటికి అమ్మగారు నాకు ఫోన్ చేశారు. "నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పమ్మా. ఆయన కావాలనే చేస్తున్నారా?" అని అడిగారు. పద్యం వచ్చి మాట రాకపోవడం ఆ ఇంట్లో యాభై ఏళ్ళ కాపురంలో అనుమానం పెట్టింది. ఇవాళ ఈ విషయమే మాట్లాడదామనుకున్నది ఆ ప్రశ్న వల్లే.

కావాలని చెయ్యడం లేదు. ఇది మా శాస్త్రంలో చాలా పాత సంగతి. 1745లోనే స్వీడన్‌లో ఒలోఫ్ డాలిన్ అనే ఆయన ఒక రోగి గురించి రాశాడు. మాట పూర్తిగా పోయినా, తనకి ముందే వచ్చిన ప్రార్థన గీతాలు పాడగలిగేవాడు. తర్వాత ఇంగ్లండులో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు దీనికి వివరణ ఇచ్చాడు. మాటలో రెండు రకాలున్నాయి. ఒకటి, అప్పటికప్పుడు మనం అనుకుని పేర్చే మాట. రెండోది, పేర్చనక్కర్లేకుండా ఒక్క ముద్దగా దొర్లిపోయే మాట. ఎక్కాలు, వారాల పేర్లు, తెలుగు నెలలు, తిట్లు, దండకాలు, పద్యాలు ఈ రెండో రకం. మొదటిదానికి ఎడమ మెదడు తప్పదు. రెండోదాన్ని కుడి మెదడూ, లోపలి భాగాలూ చాలావరకు మోయగలవు. రాగం పట్టుకోవడంలో కుడి మెదడు వాటా పెద్దది. పన్నెండో ఎక్కం గడగడా చెప్పే పిల్లాణ్ణి "పన్నెండేళ్ళు ఎంత" అని మధ్యలో అడిగితే మొదటి నుంచి చదువుకుంటూ వస్తాడు చూడండి, అలాంటిదే ఇది. పద్యం మాస్టారి నోట్లో ఉంది. కానీ అందులోంచి "నీళ్ళు" అనే మాటని తీసి వాడుకోవడం మాత్రం ఆయన చేతిలో లేదు.

నేను ఈ మాట అమ్మగారితో చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే నేనే ఆయన్ని కసురుకున్నాను" అన్నారు.

తర్వాతి శనివారం నేను ఊరికి వచ్చాను. నా తప్పు కూడా చెప్పాలి. చుట్టాలందరూ చూస్తుండగా మాస్టారి ముందు కూర్చుని బొమ్మల కార్డులు తీశాను. "ఇదేమిటి మాస్టారూ? పలక. ఇది? బంతి." ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న పరీక్షే. మాస్టారు నాలుగో కార్డు దాకా చూసి గోడవైపు తిరిగిపోయారు. నాకు అక్షరం దిద్దించిన మనిషికి నేను పలక బొమ్మ చూపిస్తున్నాను, అదీ పదిమంది ముందు. ఆ రోజుకి కార్డులు సంచిలో పెట్టేసి, అందర్నీ బయటికి పంపి, వేరే ప్రశ్న అడిగాను. "మీరు ముందు ఏ మాట అనాలనుకుంటున్నారు?" అవుననో కాదనో తల ఊపితే చాలు, నేను ఒక్కొక్కటీ రాస్తూ అడిగాను. అరగంటకి నాలుగు తేలాయి. అమ్మగారిని "ఏమోయ్" అని పిలవాలి. కాఫీ అడగాలి. పేపరు అడగాలి. బెంగుళూరులో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావు నాన్నా" అనాలి.

ఆ నాలుగింటితోనే మొదలుపెట్టాం. 1973లో అమెరికాలో మొదలైన రాగ పద్ధతి ఒకటుంది. చిన్న వాక్యాన్ని రెండు స్వరాల్లో పాడిస్తూ, అక్షరానికో దెబ్బ చొప్పున ఎడమచేత్తో తాళం వేయిస్తాం. ముందు ఇద్దరం కలిసి పాడతాం, తర్వాత నేను మధ్యలో తప్పుకుంటాను, ఆ తర్వాత ప్రశ్నకి జవాబుగా చెప్పిస్తాం, చివరికి పాటని మామూలు మాటలోకి దించుతాం. రాగమే గొప్పా, లయే గొప్పా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. 2011లో జర్మనీలో వచ్చిన ఒక అధ్యయనం పాడటం కన్నా లయా, నోటికి అలవాటైన మాటలూ ఎక్కువ సాయపడతాయని చెప్పింది. మాస్టారికి రెండూ ఉన్నాయి. "కా-ఫీ కా-వా-లి" అని నేను తాళం వేస్తుంటే ఆయన ఎడమచేతి వేలు లేపి నన్ను ఆపి, మంచం పట్టె మీద గురువుకి నిదానంగా, లఘువుకి చురుగ్గా వేసి చూపించారు. గణవిభజన! ఆ క్షణం నుంచి మళ్ళీ ఆయన మాస్టారు, నేను విద్యార్థిని. పదకొండో రోజున వీడియో కాల్‌లో "కాఫీ" అన్నారు. రాగం లేదు. నేను ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను. అవతల అమ్మగారు కాఫీ కలపడానికి వెళ్ళిపోయారు.

తర్వాత పని ఎక్కువ, మాటలు తక్కువ. పేరు తట్టనప్పుడు "అది ఎక్కడ ఉంటుంది, ఎందుకు వాడతాం, ఎలా ఉంటుంది" అని చుట్టూ అర్థాన్ని లేపడం. మొదటి అక్షరం అందించడం, క్రమంగా అది కూడా మానేయడం. బొమ్మల ముక్కలతో ఆట, సైగ చెయ్యకుండా నోటితో అడిగితేనే ముక్క ఇస్తాం. 2001లో జర్మనీలో రోజుకి మూడు గంటల చొప్పున పది రోజులు ఇలాంటి ఆట ఆడించి మంచి ఫలితం చూపించారు. బళ్ళో పేకముక్క కనిపిస్తే వీపు చీరేసిన మాస్టారి చేత ముక్కలు ఆడించిన ఘనత మాత్రం నాదే.

కొత్త కణాలు పుట్టి మాట రావడం కాదు ఇది. చచ్చిన భాగం తిరిగి రాదు. చుట్టూ బతికిన భాగాలూ, వాటి తీగలూ ఆ పని నేర్చుకుంటాయి. జర్మనీలోనే 2006లో 14 మంది రోగుల్ని ఏడాది పాటు మళ్ళీమళ్ళీ స్కాన్ చేసి చూశారు. మొదటి రోజుల్లో ఎడమవైపు భాషా ప్రాంతాలు దాదాపు మూగబోయి ఉన్నాయి. రెండు వారాలకి కుడివైపుతో సహా అన్నీ గట్టిగా వెలిగాయి. ఏడాది దగ్గరపడేసరికి పని మళ్ళీ ఎడమవైపుకి సర్దుకుంది. కుడి మెదడు కొంతకాలం ఇన్‌ఛార్జి హెడ్మాస్టరుగా ఉంటుందన్నమాట.

ఈ సర్దుబాటుకి కావలసింది అభ్యాసం, అదీ దండిగా. చాలామంది రోగుల వివరాలు కలిపి 2022లో చేసిన ఒక విశ్లేషణలో, మొత్తం మీద 20 నుంచి 50 గంటల చికిత్స పొందినవాళ్ళలో భాష ఎక్కువగా మెరుగుపడినట్టు తేలింది. "ఆర్నెల్లు దాటితే ఇక రాదు" అని మనవాళ్ళు అనే మాటా నిజం కాదు. 2017లో జర్మనీలో, పక్షవాతం వచ్చి ఆర్నెల్లు దాటిన 156 మంది మీద చేసిన పరీక్షలో, వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాల గట్టి చికిత్సతో రోజువారీ సంభాషణ మెరుగైంది.

కానీ అన్ని గంటలు ఎవరిస్తారు? నేను హైదరాబాదులో ఉంటాను. మన ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా స్పీచ్ థెరపిస్టు లేరు. అక్కడ ఆదుకున్నది మన సంఘమే. ఊళ్ళో ఉన్న ఆరుగురు పూర్వ విద్యార్థులు వంతులు వేసుకున్నారు. ఎరువుల కొట్టు ఆయనది సోమవారం, అంగన్‌వాడీ టీచరుగారిది మంగళవారం, ఇలా ఆదివారం తప్ప రోజుకో గంట. ఏం చేయించాలో నేను ఫోన్లో చెప్పేదాన్ని. పది వారాల్లో అరవై గంటలయ్యాయి. వాళ్ళ పేర్లు ఇక్కడ చదవొద్దని ఆరుగురూ అన్నారు. అందరికీ తెలుసు కాబట్టి నేనూ ఊరుకుంటున్నాను.

మీలో చాలామంది పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు కాబట్టి ఒక మాట. రెండు భాషలు నేర్పితే మెదడు గందరగోళపడుతుందేమోనని నన్ను అడుగుతుంటారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా మిగిలినవాళ్ళు, ఒకే భాష వచ్చినవాళ్ళలో నూటికి 20 మంది దాకా ఉంటే, ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో 40 మంది. అఫేజియా రావడంలో మాత్రం తేడా లేదు. భాషలు ఎక్కువ వస్తే దెబ్బ తగలదని కాదు, తట్టుకునే నిల్వ ఉంటుందని అర్థం. తెలుగు నేర్పండి, భయం లేదు.

ఇప్పుడు మాస్టారు ఎలా ఉన్నారు? ఉన్నదున్నట్టు చెప్తాను. మూడు నాలుగు మాటల వాక్యాలు వస్తాయి. పేపర్లో హెడ్డింగులు చదువుతారు, పొడుగు వార్త కష్టం. ఎడమచేత్తో రాస్తారు. పోయినేడాది బ్యాంకుకి వెళ్ళి ఎడమచేతి సంతకం నమోదు చేయించుకున్నారు. వేలిముద్ర తీసేయించారు. మళ్ళీ సంధులు చెప్పే పాఠం ఆయన నోట వినలేం. ఆ నష్టం నష్టమే, దాన్ని నేను చక్కెర పూసి చెప్పను. కానీ "ఏమోయ్" అని పిలుస్తారు. అది చాలని అమ్మగారు అంటారు.

ఇలాంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. టీవీ కట్టెయ్యండి, ఒకసారికి ఒక్కరే మాట్లాడండి. చెవుడు కాదు కాబట్టి అరవొద్దు, పసిపిల్ల కాదు కాబట్టి ముద్దుమాటలొద్దు. ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి, ఆ పది అంకెలూ మాట వెతుక్కునే టైము. అవును, కాదు అనే జవాబుతో తేలే ప్రశ్నలు అడగండి, లేదా రెండు మాటలు కాగితం మీద రాసి చూపించండి. అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించొద్దు, "అర్థం కాలేదండీ, ఇంకోసారి ప్రయత్నిద్దాం" అనండి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి ఎదురుగా ఉండగా పక్కవాళ్ళని అడగొద్దు.

చివరిగా ఒక మనవి. మాస్టారు ఇవాళ రానన్నారు. ఎందుకో చెప్పడానికి పావుగంట పట్టింది. చివరికి కాగితం మీద రాశారు, "పేర్లు". మెదడుకి అన్నిటికన్నా కష్టమైన మాటలు మనుషుల పేర్లే. మామిడికాయ అనగానే రంగు, రుచి, ఆవకాయ వచ్చి మాటని పట్టిస్తాయి. పేరుకి అలాంటి ఆసరా ఉండదు. మరి మనం గురువులు కనిపించగానే చేసే మొదటి పనేమిటి? కాళ్ళకి దండం పెట్టి, "నేనెవరో చెప్పండి మాస్టారూ, గుర్తుపట్టారా?" అంటాం. అది ప్రేమే. కానీ ఆయనకి అదొక పరీక్ష. మొహం గుర్తుంటుంది, మూడో బెంచీ గుర్తుంటుంది, పేరొక్కటే రాదు. రానందుకు మనం చిన్నబుచ్చుకుంటామేమోనని ఆయన భయం.

ఆయనకే కాదు, ఈ వరసలో కూర్చున్న గురువులందరూ డెబ్భై దాటినవాళ్ళే. అందుకని భోజనాలప్పుడు వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు పరీక్ష పెట్టకండి. ముందు మీ పేరు మీరే చెప్పండి, ఏ సంవత్సరమో చెప్పండి, ఏ బెంచీలో కూర్చునేవారో చెప్పండి. తర్వాత ఆగండి. పది లెక్కపెట్టండి.

ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ పొద్దున్నే మన పేర్లన్నీ ఆయనే పిలిచారు. ఈ ఒక్కరోజు మన పేర్లు మనం చెప్పుకుందాం.